తుపాకీ దిబ్బ మీద నా చున్నీ

నా చున్నీ ఒకటి ఒక పూట మిలటరీ కొలువు చేసింది. ఎర్ర జార్జెట్ చున్నీ, అంచు పొడుగునా చెమ్కీలు, కొసలకి కుచ్చులు. గుడివాడలో మా మావయ్య కొనిపెట్టాడు. డిగ్రీ చదివే పిల్లకి అలాంటి చున్నీ ఎంత అపురూపమో, అది కొలువులో చేరి మళ్లీ చేతికి రాకపోతే ఎంత మంటో ఆ వయసు దాటొచ్చిన ఆడవాళ్లకి చెప్పక్కర్లేదు. ఇన్నేళ్లయినా బజార్లో ఎర్ర గుడ్డ కనిపిస్తే నాకు ముందు ఆ చున్నీ గుర్తొస్తుంది, ఆ తర్వాతే మా నాయనమ్మ. ఈ మాట వింటే నాయనమ్మ నెత్తిన ఒక మొట్టికాయ వేసి, తర్వాత నవ్వేది.

మాది బందరుకి దిగువన, గిలకలదిండి దాటాక సముద్రం ఒడ్డున ఉన్న చేపల ఊరు. ఊరికీ సముద్రానికీ మధ్య పెద్ద ఇసక దిబ్బ ఒకటి ఉంది. దాన్ని తుపాకీ దిబ్బ అంటారు. సర్కారు లెక్కలో అది మిలటరీ వాళ్ల నేల. మా లెక్కలో మా ఆడవాళ్లు చేపలు ఎండబెట్టుకునే నేల. మగవాళ్లు వేట నుంచి తెచ్చినదాంట్లో మంచి చేప గిలకలదిండి వేలానికి పోయేది. మిగిలిన నెత్తళ్లు, సావళ్లు, చిన్న రొయ్యలు దిబ్బకెక్కేవి. అక్కడి ఇసక తెల్లగా, పొడిగా, మట్టన్నది లేకుండా ఉండేది. ఎండ గట్టిగా కాస్తే పొద్దున పరిచిన నెత్తళ్లు సాయంత్రానికి చేతిలో గలగలలాడేవి. మా ఊరి ఎండు చేప అంటే పామర్రు దాకా పేరుంది. మా తాత వేటకెళ్లి తిరిగి రాకపోతే, నాయనమ్మ మా నాన్ననీ బాబాయినీ ఆ దిబ్బ మీదే పెంచింది.

దిబ్బకి ఆ పేరు రావడానికి యుద్ధం కారణం. జపాను వాళ్లు సముద్రం మీంచి దిగుతారని తీరమంతా భయపడుతున్న రోజుల్లో, సోల్జర్లకి గురి నేర్పడానికి ఖాళీ జాగా కావాలని తెల్లదొర ఒకడొచ్చి దిబ్బంతా తీసేసుకున్నాడట. ఆయన కంటికి అది ఖాళీగానే కనిపించింది మరి. యుద్ధం అయ్యాక ఇచ్చేస్తామన్నారు. యుద్ధమంటే నాలుగు రోజుల్లో పెద్దమనుషులు కూర్చుని తేల్చేసే తగువనుకుని మా వాళ్లు తలూపారు. నెలలు గడిచాయి. ఎండబెట్టే చోటు లేక చేపల్ని ఇళ్ల చూర్ల మీదా, గుమ్మాల్లోనూ పరుచుకుని కుళ్లబెట్టుకున్నారు.

అప్పుడు నాయనమ్మ వాళ్లమ్మా, ఆవిడ తోటికోడళ్లూ, వీధిలో ఆడవాళ్లూ కలిసి కుళ్లిన నెత్తళ్ల బుట్టలు నెత్తిన పెట్టుకెళ్లి దొర డేరా ముందు కుమ్మరించి వచ్చేశారు. ఒక్కరూ నోరు విప్పలేదట. గాలి సముద్రం మీంచి డేరా వైపుకే వీస్తోంది. మర్నాటికల్లా దొర దిగొచ్చాడు. వారానికి ఒక్క మంగళవారం మేం కాల్చుకుంటాం, మిగతా ఆరు రోజులూ మీరు ఎండబెట్టుకోండి అన్నాడు. "ఆ యుద్ధంలో ఎవరు గెలిచారో నాకు తెలీదు గానీ, దొర మీద గెలిచింది మాత్రం నెత్తళ్లే" అనేది నాయనమ్మ. ఈ కథ చెప్పిన ప్రతిసారీ ఆ వాసన ఇప్పుడే వచ్చినట్టు ముక్కు మూసుకునేది.

మంగళవారం ఎవరూ పొరపాటున లోపలికి రాకుండా దిబ్బ మొదట్లో సరుగుడు కర్ర పాతి, ఎర్ర జెండా ఎత్తాలన్నారు. పొద్దున ఎత్తాలి, సాయంత్రం కాల్పులయ్యాక దించాలి. ఆ పని మా ముత్తాతకి, అంటే నాయనమ్మ వాళ్ల నాన్నకి అప్పగించి ఒక ఖాకీ కోటు కూడా ఇచ్చారు. "మేం వచ్చి మానెయ్యమని చెప్పేదాకా మానకు" అని దొర మరీ మరీ చెప్పాడట. తర్వాత యుద్ధం అయిపోయింది. డేరాలు లేచాయి, దొరలు పోయారు, స్వరాజ్యం వచ్చింది. మానెయ్యమని చెప్పడానికి మాత్రం ఎవరూ రాలేదు. ముత్తాత ప్రతి మంగళవారం జెండా ఎత్తుతూనే ఉన్నాడు. ఆ కోటు తొడుక్కునే పెళ్లిళ్లకెళ్లాడు, ఆ కోటుతోనే కాటికీ వెళ్లాడు.

ఆయనకి మగపిల్లలు లేరు. నాయనమ్మ పెద్ద కూతురు, మేనబావని చేసుకుని ఊళ్లోనే ఉంది. జెండా ఆవిడకొచ్చింది. ఉప్పెనకి ఊరంతా ఊడ్చుకుపోయినప్పుడు, ఇళ్లకి నిట్టాడి గుంజలు లేవకముందే దిబ్బ మీద జెండా కర్ర లేచిందని మా ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

"ఎవరూ తుపాకీ కాల్చని మంగళవారానికి జెండా ఎందుకే?" అని చిన్నప్పుడు అడిగేదాన్ని.

"ఒక్క రోజు ఇచ్చి ఆరు రోజులు తెచ్చుకున్నామే పిచ్చిదానా. ఆ ఒక్కటీ మనం తప్పితే ఆరూ వాళ్లవే అవుతాయి" అనేది.

నాయనమ్మకి ఈ విషయంలో అనుమానమే లేదు. పట్టా లేని నేల అది. దానికి ఆ ఎర్ర గుడ్డే పట్టా. వారం తప్పకుండా గుడ్డ ఎగిరినంత కాలం ఆరు రోజుల దిబ్బ ఆడవాళ్లది. మిలటరీ వాళ్లు ఏదో ఒకరోజు వచ్చి మానెయ్యమంటారేమో, ఇచ్చిపుచ్చుకున్న మాట అక్కడితో చెల్లిపోతుందేమో అన్నదొక్కటే ఆవిడ భయం. బందరు రోడ్డు మీద ఖాకీ లారీ కనిపిస్తే చాలు, చేటలో చేపలు అలాగే వదిలేసి అది ఎటు తిరుగుతుందో చూసేది.

ఇదంతా నాయనమ్మ లెక్క. మిగతా ఆడవాళ్ల లెక్క వేరు. మంగళవారం వాళ్లకి సెలవు. దొర చెప్పింది దిబ్బ మీద అడుగు పెట్టొద్దని మాత్రమే. నేను పుట్టేనాటికి ఆ ఒక్క ముక్కకీ పిల్లలు పుట్టి మనవలు పుట్టారు. మంగళవారం ఆడవాళ్లు చేప కడగకూడదు. ఉప్పు ముట్టకూడదు. బుట్ట మొయ్యకూడదు. చివరికి పొయ్యి మీద చేపల కూర పెట్టకూడదు. ఎవరు చెప్పారంటే దొర చెప్పాడనేవాళ్లు. ఆ దొరకి పాపం ఇంకేం పని లేనట్టు ఇవన్నీ కూర్చుని చెప్పాడన్నమాట. మగవాళ్లు గొణిగేవాళ్లు, కాదనే ధైర్యం లేక పప్పన్నం తినేవాళ్లు. దివిసీమ నుంచి వచ్చిన ఒక కొత్త కోడలైతే ఇదేదో అమ్మవారి మొక్కనుకుని జెండా కర్రకి పసుపు రాసి బొట్టు పెట్టింది. నాయనమ్మ చూసి వద్దనలేదు. "ఉండనీలే, అమ్మవారు కూడా కాపలా కాస్తుంది" అంది.

మధ్యాహ్నం అన్నాలవగానే ఊళ్లో ఆడవాళ్లంతా తలలు దువ్వుకుని, పూలు పెట్టుకుని, ట్రక్కు ఆటో ఎక్కి బందరు మ్యాట్నీకి పోయేవాళ్లు. నాయనమ్మ జెండా ఎత్తేసి వాళ్లతోనే వచ్చేది. ఏ సినిమా అన్నది ఎవరికీ పట్టదు. కుర్చీలో కూర్చుంటే ఎవరూ లేవమనరు కదా, అదీ సంగతి. సగం మంది టైటిళ్లు పడుతుండగానే నిద్రపోయేవాళ్లు. ఇంటర్వెల్లో లేచి, "చచ్చిపోయాడా వాడు?" అని అడిగి, మళ్లీ నిద్రపోయేవాళ్లు.

జెండా గుడ్డ ఉప్పు గాలికి ఆర్నెల్లయినా ఆగేది కాదు. ఒకసారి ఎన్నికల ముందు గుడ్డ దొరక్క, బందరులో ఎర్ర జెండా పార్టీ వాళ్లు పంచుతుంటే నాయనమ్మ చెయ్యి చాపి ఒకటి తెచ్చుకుంది. దాని మీద గుర్తు ఉందని ఆవిడకి పట్టలేదు. ఎరుపు ఎరుపే. రెండు మంగళవారాలు అది దిబ్బ మీద ఎగిరేసరికి, ఈ తీరంలో పార్టీకి ఇంత బలం ఉందని మాకే తెలియలేదంటూ ఆ పార్టీ వాళ్లు సైకిళ్ల మీద వచ్చి నాయనమ్మకి నమస్కారాలు పెట్టారు. నాయనమ్మ వాళ్లకి మజ్జిగ ఇచ్చి, "మంగళవారం తప్ప ఎప్పుడైనా రండి బాబూ" అని సాగనంపింది. కార్మికులకి ఆ రోజు సెలవని చెబితే వాళ్లు ఇంకా మెచ్చుకుని వెళ్లారు.

ఇలా నడుస్తుండగా తొంభైలు సగం దాటాక రొయ్య వచ్చింది. గుడివాడ దగ్గర్నుంచి ఒక ఆసామి మోటారుసైకిల్ మీద వచ్చి, మా బాబాయితో టీ బంకు దగ్గర గంటలు గంటలు కూర్చునేవాడు. కూర్చున్న రెండో రోజుకే ఇద్దరూ ఒకరినొకరు బావా అనుకోవడం మొదలెట్టారు. సంగతేంటంటే, మిలటరీ వాళ్లకి దిబ్బతో పని లేదని పైవాళ్లు తేలిస్తే అది ఊరి వాళ్లకి ఇళ్లవారీగా వస్తుంది. వచ్చిందాన్ని ఆసామి కౌలుకి తీసుకుని రొయ్యల చెరువులు తవ్విస్తాడు. బాబాయి చెడ్డవాడు కాదు. సముద్రం మీద తండ్రిని పోగొట్టుకున్నవాడు, తన పిల్లలు ఒడ్డున కూర్చుని తినాలనుకున్నాడు. కాకపోతే ఆశ పుట్టాక మనిషికి చెవులు మూసుకుపోతాయి కదా.

నాయనమ్మ చెరువుల్ని అప్పటికే చూసొచ్చింది. దివిసీమలో ఉన్న చెల్లెలింటికి అవనిగడ్డ బస్సెక్కి వెళ్లి, వారం ఉంటానన్న మనిషి మూడో రోజుకే వచ్చేసింది. అక్కడ ఊరి చుట్టూ చెరువులే. బావుల్లో నీళ్లు ఉప్పు తేలాయి. బిందె నీళ్లకి ట్యాంకరు కోసం కొట్టుకుంటున్నారు. "అది పోతే పోనియ్. నా చెల్లెలు నెత్తళ్లు ఎక్కడ ఎండబెడుతుందో తెలుసా? తారు రోడ్డు మీద. బస్సొచ్చినప్పుడల్లా లేచి పరిగెడుతుంది. సగం చేపల మీద టైరు అచ్చులు" అంది. నవ్వుతూనే చెప్పింది, చెబుతూ చెబుతూ ఏడ్చేసింది. నాయనమ్మ ఏడవడం నేను అంతకు ముందు చూడలేదు.

తర్వాత కబురు రానే వచ్చింది. మిలటరీ ఆఫీసరొకాయనా, మండలం నుంచి ఎమ్మార్వో గారూ కలిసి వస్తున్నారు. దిబ్బతో మిలటరీకి ఇంకా పనుందో లేదో కళ్లారా చూసి తేలుస్తారు. వచ్చేది మంగళవారం.

"అమ్మా, ఈ ఒక్క వారం జెండా ఎత్తకే. వాళ్లు చూశారంటే మిలటరీ ఇంకా ఉందనుకుంటారు" అన్నాడు బాబాయి.

"ఎవరూ చూడని మంగళవారాలన్నీ ఎత్తాను. చూసేవాళ్లు వచ్చే రోజే మానెయ్యమంటావేంట్రా?" అంది నాయనమ్మ.

"ఆ దొర చచ్చి ఎన్నేళ్లయిందో!"

"దొర చస్తే చచ్చాడు. చేపలు తినడం మానేశామా?"

ఈ జవాబుకి అర్థమేంటో బాబాయికి తెలియలేదు, నాకూ తెలియలేదు.

మంగళవారం పొద్దున నాయనమ్మ రేకు పెట్టె తెరిచేసరికి జెండా లేదు. పెట్టెలో చీరలు తీసి దులిపింది, చాపలెత్తి చూసింది. బాబాయి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని అరుగు మీద కూర్చుని, ఆకాశంలోకి చూస్తూ ఈల వేస్తున్నాడు. జెండా ఎక్కడుందో తర్వాత తెలిసింది. ముందురోజు సాయంత్రం దాన్ని పడవలో ఐసు పెట్టె అడుగున కుక్కేశాడు. పడవ తెల్లవారకుండానే మా నాన్నతో సహా సముద్రం మీదకి పోయింది. అన్నేళ్ల కొలువులో జెండా మొదటిసారి వేటకెళ్లింది.

నాయనమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని ఇల్లంతా కలియజూసింది. ఆవిడ కళ్లు నా దగ్గర ఆగాయి. మ్యాట్నీ ఉంది కదా అని నేను పొద్దున్నే తయారై కూర్చున్నాను, మెళ్లో చున్నీతో సహా.

"అదిటివ్వు" అంది.

"నాయనమ్మా! జార్జెట్!"

"ఎర్రగా ఉందా లేదా?"

"చిరిగిపోద్దే!"

"దిబ్బ పోతే నీ చదువు పోద్ది. నీ కాలేజీ ఫీజు ఏం ఎండితే వచ్చిందో మర్చిపోయావా?"

ఇచ్చాను. మనస్ఫూర్తిగా ఇచ్చానని అబద్ధం చెప్పను. ఏడుస్తూ ఇచ్చాను. ఆవిడ దాన్ని తాడుకి కడుతుంటే కుచ్చులు తెగకుండా కట్టమని వెనకాల నిలబడి పోరు పెడుతూనే ఉన్నాను. కట్టి లాగేసరికి గాలి అందుకుంది. సరుగుడు కర్ర మీద నా చున్నీ బారెడు పొడుగున లేచి, ఎండకి చెమ్కీలన్నీ ఒక్కసారి తళుక్కుమన్నాయి. కోపంలో ఉన్నాను గానీ, బాగానే ఉందనిపించింది. ఊళ్లో ఆడవాళ్లు ఒక్కొక్కరే ఇళ్లలోంచి వచ్చి కర్రకి ఇవతల నిలబడ్డారు. ఆ రోజు దిబ్బ ఉంటుందో పోతుందో తెలుస్తుందని అందరికీ తెలుసు. మ్యాట్నీ మాట ఒక్కరూ ఎత్తలేదు.

జీపు పదకొండు దాటాక వచ్చింది. డ్రైవరు మా పక్క ఊరివాడు. దూరాన్నుంచే జెండా చూసి, ఎవరూ చెప్పకుండానే బ్రేకు వేసి ఇంజన్ ఆపేశాడు. ఆఫీసరు దిగాడు. వయసు ఎక్కువ లేదు, నున్నటి గెడ్డం, మెరిసే బూట్లు. మన తెలుగువాడేగానీ ఎక్కడెక్కడో పనిచేయడం వల్ల తెలుగుకి కొంచెం తుప్పు పట్టింది. వెనక ఎమ్మార్వో గారు, సముద్రం ఊరికెళ్తే మధ్యాహ్నం చేపల భోజనం ఉంటుందన్న ఆశ ఆయన ముఖం మీద కనిపిస్తూనే ఉంది.

బాబాయి ఎదురెళ్లి నమస్కారాలు పెట్టి దారి తీశాడు. అతని వెనకాల ఆసామి, ఆయన వెనకాల ఆఫీసరు. "రండి సార్, ఇటు రండి సార్. ఇదంతా ఖాళీయే సార్. ఇక్కడ మిలటరీ అన్నది మా నాన్నల కాలంలోనే లేదు సార్. జెండా లేదు, తుపాకీ లేదు, ఏమీ లేదు సార్" అంటూ, వెనక్కి తిరిగి చూస్తూ, చేతులు తిప్పుతూ నడుస్తున్నాడు. మేం చున్నీ గురించి పోట్లాడుకునేలోపే ఆసామి కోసం రోడ్డెక్కేశాడు, ఆ సంగతి అతనికి తెలియదు. కర్ర దగ్గరికొచ్చి ముందుకి తిరిగాడు. పైకి చూశాడు.

అంతే, కాళ్లు ఆగిపోయాయి. ఆపుదామనుకుని ఆగింది కాదు. తప్పటడుగులు వేసే వయసు నుంచి మంగళవారం ఎర్ర గుడ్డ కింద ఆగిన కాళ్లవి. ఆసామి వెళ్లి అతని వీపుకి గుద్దుకున్నాడు.

"ఏంటి బావా, ఆగిపోయావ్?" అన్నాడు ఆసామి.

బాబాయి కాలెత్తాడు. గాల్లో కాసేపు ఉంచి, మళ్లీ అక్కడే పెట్టాడు.

"ఏమైంది?" అన్నాడు ఆఫీసరు.

"జెండా ఎగురుతుందండి."

"ఎగిరితే?"

"ఇవాళ లోపలికెళ్లకూడదండి. కాలుస్తారండి."

"ఎవరు కాలుస్తారు?"

బాబాయి ఆయన వంక దీనంగా చూసి, "మీరేనండి" అన్నాడు.

ముందు నవ్వింది డ్రైవరు. తర్వాత ఆడవాళ్లు చెంగులు నోటికడ్డం పెట్టుకున్నారు. ఆఫీసరు మాత్రం నవ్వలేదు. కర్ర చుట్టూ తిరిగి చూశాడు. పసుపు చూశాడు, బొట్టు చూశాడు, మెడ పైకెత్తి చాలాసేపు జెండా చూశాడు.

"ఈ చెమ్కీలేంటి?" అన్నాడు.

"నావండి" అన్నాను.

నాయనమ్మ ముందుకొచ్చి చెప్పడం మొదలెట్టింది. దొర, కుళ్లిన నెత్తళ్లు, మంగళవారం, ఖాకీ కోటు, ఉప్పెన, ఏదీ వదల్లేదు. ఎమ్మార్వో గారు రెండుసార్లు అడ్డొచ్చి క్లుప్తంగా చెప్పమన్నారు. ఆఫీసరు చెయ్యెత్తి ఆయన్ని ఆపాడు.

"ఇన్నేళ్లలో మా వాళ్లెవరూ రాలేదా అమ్మా?"

"మీరే మొదలు బాబూ."

ఇక్కడితో ఆపేస్తే బాగుండును. మేమందరం మనసులో అదే అనుకుంటున్నాం. కానీ నాయనమ్మ అలా ఆపే మనిషి కాదు. చేతులు రెండూ నులుముకుంటూ, ఆయన మొహంలోకి సూటిగా చూస్తూ అడిగేసింది.

"మీ వాళ్లు వచ్చి చెప్పేదాకా మానొద్దని మా నాన్నకి చెప్పారు బాబూ. ఇప్పుడు మీరొచ్చారు. చెప్పండి. మానెయ్యమంటారా?"

నా పక్కన ఉన్న మా అత్త నా భుజం గిల్లేసింది. బాబాయి తల ఎత్తాడు, ఆసామి మొహం వెలిగింది. ఒక్క ముక్క చాలు. ఆ ముక్క ఆవిడే అడిగి మరీ చెప్పించుకుంటోంది. నాకు నాయనమ్మ మీద ఎంత కోపం వచ్చిందో, అంత భయమూ వేసింది. పైన గాలికి చున్నీ టపటపా కొట్టుకుంటోంది.

ఆఫీసరు దిబ్బ వైపు చూశాడు. ఖాళీ చాపలు చుట్టలు చుట్టి వరసగా ఉన్నాయి. "మానేస్తే ఏమవుతుందమ్మా?" అన్నాడు.

"చెరువులు తవ్వుతారు బాబూ. మేం రోడ్డు మీద ఎండబెట్టుకుంటాం."

"మానకపోతే?"

నాయనమ్మ కొంచెం సిగ్గుపడింది. "మంగళవారం మంగళవారం సినిమాకెళ్తాం."

అప్పుడు నవ్వాడు ఆఫీసరు. నవ్వు ఆగాక టోపీ సర్దుకుని, "నన్ను చూసి రమ్మన్నారమ్మా. మానెయ్యమని చెప్పమని మా పైవాళ్లు నాకు చెప్పలేదు. వాళ్లు చెప్పని మాట నేనెలా చెప్తాను?" అన్నాడు.

నాయనమ్మ ఊపిరి వదిలింది. "అంతే బాబూ. మా నాన్నదీ ఇదే పద్ధతి" అంది.

ఎమ్మార్వో గారు, పోనీ లోపలికెళ్లి ఒకసారి చూసొద్దామా అన్నారు. "జెండా ఎగురుతుంటే లోపలికి ఎలా వెళ్తామండీ" అని, ఆఫీసరు కర్ర దగ్గరే నిలబడి కనుచూపు మేర చూసి వెనక్కి తిరిగాడు. భోజనంలో ఎమ్మార్వో గారికి పప్పు, వంకాయ కూర, ఆవకాయ వడ్డించారు. చేప లేదా అని ఆయన మొహమాటం విడిచి అడిగేశారు. మంగళవారం మా ఇళ్లలో చేప ముట్టమండీ, దొరగారి ఆర్డరు అంది మా అమ్మ. ఆయన ఆఫీసరు వైపు చూశారు. ఆఫీసరు గంభీరంగా తల ఊపి ఇంకాస్త పప్పు వేయించుకున్నాడు.

మ్యాట్నీకి టైమైపోతోందని ఆడవాళ్లు గుసగుసలాడుతుంటే ఆయనే విని, పట్టినంత మందిని జీపు ఎక్కమన్నాడు. నాయనమ్మ ముందు సీట్లో కూర్చుంది. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ మిలటరీ వాళ్లంటే భయపడటమే గానీ వాళ్లతో కలిసి జీపులో కూర్చోవడం అదే మొదలు. సినిమాలో ఆ రోజు ఎవరూ నిద్రపోలేదు, అందరూ జీపు గురించే మాట్లాడుకున్నారు. చుట్టుపక్కల వాళ్లు తిట్టారు.

సాయంత్రం దించేసరికి చున్నీ కుచ్చులు పోయాయి, చెమ్కీలు సగం రాలాయి. అదే వేళకి పడవ ఒడ్డుకొచ్చి, అసలు జెండా ఐసు పెట్టెలోంచి గడ్డకట్టి, కానాగంత చేపల వాసనేసుకుంటూ దిగింది. నాయనమ్మ రెండింటినీ ఉతికి రెండింటినీ పెట్టెలో పెట్టింది. అడిగితే, "ఒకటి వేటకెళ్తే ఇంకోటి ఉండాలిగా" అంది. అలా నా చున్నీ బదులు కొలువులో ఉండిపోయింది.

తర్వాత పైనుంచి ఔననీ రాలేదు, కాదనీ రాలేదు. టీవీలో కొండల మీద యుద్ధం చూపించిన వేసవిలో మాత్రం మళ్లీ మిలటరీ దిగుతుందని ఊళ్లో వదంతి లేచింది. ఆడవాళ్లు కుళ్లబెట్టడానికి నెత్తళ్లు ఎక్కడ దాచాలో కూడా మాట్లాడుకున్నారు. ఎవరూ రాలేదు. ఆసామి వేరే ఊళ్లో చెరువులు తవ్వించాడు. రెండో పంటకి తెల్లమచ్చ తెగులు తగిలి రొయ్యంతా చచ్చి తేలిపోయిందని తెలిసినప్పుడు బాబాయి ఆ రోజంతా దిబ్బ మీద అటూ ఇటూ తిరిగాడు.

నాయనమ్మ పోయింది. వర్షాలు పడుతున్న రోజుల్లో, సోమవారం పోయింది. దినాల ఏర్పాట్లలో ఉండి జెండా సంగతి నాకూ తట్టలేదు, మా అమ్మకీ తట్టలేదు. మర్నాడు పొద్దున చూస్తే దిబ్బ మీద ఎగురుతోంది. కర్ర కింద తడిసిపోతూ బాబాయి నిలబడి ఉన్నాడు.

అప్పటికే నేను ఉద్యోగానికి గుడివాడ వచ్చేశాను. ఆర్నెల్లకోసారి బాబాయి ఫోను చేస్తాడు. పోయినసారి చేసినప్పుడు, "అమ్మాయ్, గుడ్డ చిరిగిపోయింది. అక్కడ గట్టిది దొరుకుద్దేమో చూడు. చెమ్కీలు వద్దు" అన్నాడు.

"చెమ్కీల మాటెత్తకు బాబాయ్. సరేగానీ, నిజంగా ఎవరైనా వచ్చి మానెయ్యమంటే ఏం చేస్తావ్?"

బాబాయి ఆలోచించనైనా ఆలోచించలేదు. "మంగళవారం వస్తే జెండా ఉంటది, లోపలికి రానివ్వను. మిగతా రోజుల్లో వస్తే జెండానే ఉండదు. ఇంక దేన్ని మానెయ్యమంటారే?" అన్నాడు.

ఫోను పెట్టేశాక చాలాసేపు నవ్వుకున్నాను. తర్వాత నవ్వు ఆగిపోయింది. చేతులు నులుముకుంటూ ఆ ఆఫీసరు మొహంలోకి చూసిన నాయనమ్మ కళ్ల ముందుకొచ్చింది. బతికినన్నాళ్లూ ఆవిడ ఏ మాటకి భయపడిందో దానికి జవాబు తన చిన్నకొడుకు దగ్గరే ఉంది. అది వినకుండానే వెళ్లిపోయింది. వినుంటే వాడి కంచంలో ఇంకో చేప ముక్క వేసేది.

సాయంత్రం బజారుకెళ్లి ఎర్ర గుడ్డ కొని, బందరు బస్సు డ్రైవరు చేతికిచ్చి, సోమవారం లోపు అందేలా చూడమని చెప్పాను.